లంక తోకన ఉన్నవాళ్ళు

జూన్ 14, శనివారం

సాయంత్రం స్కూలు నుంచి వచ్చి పడవ దిగేసరికి పోలిరాజుగారు రేవులో నిలబడి ఉన్నారు. తువ్వాలు తలకి చుట్టుకుని నదికేసే చూస్తున్నారు.

"ఇంకో చెట్టు దిగిపోయిందండి టీచరుగారూ. మా నాన్న పాతింది. గెలలతో సహా దిగిపోయింది" అన్నారు. చుట్టం పోయినట్టు చెప్పారు.

ఆయన కొబ్బరితోట లంక తోకన ఉంది. దాన్ని ఆనుకునే మా సమాధుల దొడ్డి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో తోటకీ నదికీ మధ్య పశువులు మేసేవి. ఇప్పుడు నది తోటలోనే ఉంది.

"మీ దొడ్డి కూడా కోతలో పడిందండి. ముందు వరస కింద గుల్లయిపోయింది. ఓసారి చూసుకోండి" అన్నారు.

సరేనన్నాను. వెళ్ళలేదు. మా పాప సుప్రియ సమాధి బాగా లోపలికి ఉంది, వేపచెట్టుకి ఇవతల. దానికేం భయం లేదు.

అన్నం వండలేదు. మధ్యాహ్నం క్యారియర్లో మిగిలిందే తిన్నాను. సుప్రియ పోయినప్పటి నుంచి డైరీ ముట్టుకోలేదు. ఈవేళ ఎందుకు తీశానో తెలీదు.

చీకటి పడుతుంటే గట్టు విరిగి నీళ్ళలో పడిన చప్పుడు వినిపించింది, బస్తా దించినట్టు. మా ఇల్లు లంకకి ఈ చివర. ఇంత దూరం వినిపించకూడదు.


జూన్ 15, ఆదివారం

ఆరాధన అయ్యాక అందరం చర్చి వరండాలో కూర్చున్నాం. పాస్టరుగారు సంగతి చెప్పారు. ముందు వరస పోతే తర్వాతి వరస, ఆ తర్వాత ఇంకోటి. లంకలో ఇంకెక్కడా చోటు లేదు. ఉన్న కాస్త మెరకలోనూ ఇళ్ళున్నాయి.

ఇస్సాకు తాతయ్య లంకలో అందరికన్నా పెద్దాయన. అడుగు తీసి అడుగు వెయ్యాలంటే భార్య సత్తెమ్మ మామ్మ భుజం పట్టుకోవాలి. నోరు మాత్రం గట్టిది.

"నాకు చోటెక్కడో ముందు తేల్చండయ్యా. అది తేలాకే పోతాను. తేలకుండా పోయేననుకోండి, మీకే ఇబ్బంది" అన్నారు.

"ఊరుకోండి. ప్రతిదానికీ నవ్వులాటే" అని మామ్మ కసిరింది.

నవ్వాం. నవ్వాక ఎవరూ ఎవరి మొహాలూ చూసుకోలేదు. రేపు అమలాపురం వెళ్ళి అర్జీ ఇవ్వాలని తేల్చారు. చదువుకున్నదాన్నని నన్నూ రమ్మన్నారు.


జూన్ 16, సోమవారం

పాస్టరుగారూ, పోలిరాజుగారూ, నేనూ వెళ్ళాం. పోలిరాజుగారిది మా మతం కాదు, మా కులం కాదు. కానీ నదికి ఆ తేడా లేదుగా. ఆయన తోట కోసం, మేం దొడ్డి కోసం.

అధికారి నా వయసావిడే. కుర్చీలు వేయించింది. అంతా విన్నది.

"కోత ఆగాలంటే గట్టు పొడుగునా రాళ్ళ కట్టు కట్టాలమ్మా. దానికి ప్రతిపాదన వెళ్ళింది, నిధులు రావాలి. అది వేరే శాఖ. సమాధుల స్థలం అంటారా, అది మేం చూడొచ్చు. కానీ మీ లంకలో ప్రభుత్వ భూమి లేదు. గట్టు మీద ఊళ్ళో ఎవరన్నా అమ్ముతామంటే చూపించండి, కొనే ఏర్పాటు చేద్దాం."

"సమాధులకని ఎవరమ్ముతారండి?" అన్నారు పోలిరాజుగారు.

"నేను అడిగేదీ అదే కదండీ" అంది ఆవిడ. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

లేచేటప్పుడు, "మీ వాళ్ళెవరైనా ఉన్నారా అక్కడ?" అని నన్ను అడిగింది.

"మా అత్తగారండి" అన్నాను.

అత్తగారు అక్కడే ఉన్నారు. అబద్ధం కాదు.


జూన్ 22, ఆదివారం

అవతలి గట్టు మీద చింతలగరువంతా తిరిగాం. నేను పాఠాలు చెప్పే ఊరే. గుమ్మాల్లో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. స్థలం మాట ఎత్తగానే గ్లాసు తీసుకెళ్ళిపోయారు.

తోట ఉన్నాయన, "దొడ్డి పక్కనుంటే కాయ దింపులకి మనుషులు రారండి" అన్నారు. రొయ్యల చెరువున్నాయన లీజుకి ఎవరూ ముందుకు రారన్నారు. సరే, వాళ్ళు మా చర్చివాళ్ళు కాదు. మా చర్చి పెద్ద ఒకాయన, బ్యాంకులో చేసి రిటైరైనవారు, ఆయన కూడా, "ఇప్పుడిప్పుడే ఇటు సైట్లకి రేటు వస్తోందమ్మా" అన్నారు.

ఊళ్ళో ఖాళీ స్థలాలు చాలానే ఉన్నాయి. ఇస్తే ఎవరో ఒకరు ఇవ్వాలి.


జూన్ 24

మళ్ళీ ఆ చప్పుడు. ఈసారి తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుంటే. పిల్లలెవరూ తల ఎత్తలేదు.


జూలై 2, బుధవారం

మా ఆయన దోహా నుంచి ఫోన్ చేశారు. చింతలగరువులో మా స్థలంలో కట్టే ఇంటి ప్లాను పంపారు. అక్కడ ఎవరో ఇంజనీరు కుర్రాడి చేత గీయించారట. ఈశాన్యంలో బోరు. తూర్పున వరండా. పైకి మెట్లు. పక్కిల్లు వాళ్ళక్క రేచల్ వదినది కాబట్టి మధ్యలో గోడకి చిన్న గేటు కూడా పెట్టించారు.

"ఇంక ఆ లంకలో ఎన్నాళ్ళుంటావు ఒక్కదానివీ? వచ్చే ఏడు గృహప్రవేశం" అన్నారు.

సమాధుల దొడ్డి సంగతి చెప్పాను.

"మట్టిలో ఏముంటుంది ప్రసన్నా. పాప దేవుడి దగ్గరుంది" అన్నారు.

"ఆయ్" అన్నాను.

ఆయన పాపని మట్టిలో పెట్టడం చూడలేదు. జ్వరం అని కాకినాడలో చేర్చిన మూడోనాటికే అయిపోయింది. ఆయన ఎక్కిన విమానం దిగేసరికి ఇక్కడ అందరూ స్నానాలు కూడా చేసేశారు. ఆయనకి మట్టిలో ఏమీ ఉండదు. నాకు ఉంది. గులాబీరంగు గౌను ఉంది. ఎడమ చేతికి సెలైన్ పెట్టి వేసిన కట్టు విప్పలేదు, అది ఉంది.


జూలై 5, శనివారం

వెళ్ళాను.

ముందు వరస పోయింది. గట్టు నిలువునా కోసినట్టుంది. ఆ కోతలోంచి పెట్టె చెక్కలు బయటికి వచ్చి ఉన్నాయి. కింద ఇసుకలో ఎముకలు. నది వాటిని ఇంకా తీసుకుపోలేదు, అలలు వచ్చి తాకి వెళుతున్నాయి.

సత్తెమ్మ మామ్మ పాత తెల్లచీర తెచ్చింది. ఆడవాళ్ళం కొంతమందిమి దిగి ఏరాం. ఎవరివో తెలీదు. మామ్మ మాత్రం ఒక్కొక్కటీ చీరలో పెడుతూ, "మా అత్తేమో. మా మరిదేమో. ఎవరైతేనేం, చలిలో ఉన్నారు" అంది. ఇస్సాకు తాతయ్య పైన స్టూలు మీద కూర్చుని ఆ రోజు మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. పోలిరాజుగారు తన తోటలో మిగిలిన చివర గుంట తవ్వించారు.

"అదీ ఎన్నాళ్ళో ఉండదండి. ఉన్నన్నాళ్ళు ఉంచండి" అన్నారు.

పాస్టరుగారు ప్రార్థన చేశారు. మూట మట్టిలో పెట్టాం.

పాప సమాధి దగ్గరికి వెళ్ళాను. తెల్లసున్నం పెచ్చులూడింది. చేత్తో దులిపాను. నేను అనుకున్నంత లోపలికి లేదు. కానీ ఉంది. వేపచెట్టు అడ్డం ఉంది. వేప వేళ్ళు గట్టివి.


జూలై 13, ఆదివారం

ఎర్రనీరు వచ్చింది. పేరుకే ఎరుపు, అంతా మట్టిరంగు. ఏటా వచ్చేదే. ఈ ఏడు చూడబుద్ధి కాలేదు.

పులసల కాలం. రేవులో వల దించినవాళ్ళు కేకలేశారు. ఎవరూ కొనడానికి వెళ్ళలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు కూడా. లంకలో ఒక్క ఇంట్లోనూ చేపల పులుసు వాసన లేదు.


జూలై 20, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే ఇస్సాకు తాతయ్య అరుగు మీంచి పిలిచారు. మామ్మ లోపల గంజి వారుస్తోంది.

"టీచరమ్మగారూ, చింతలగరువులో మీ స్థలం మెరకంట కదండీ? ఎనభయ్యారు వరదక్కూడా మునగలేదంట."

"ఆయ్, మెరకేనండి" అన్నాను. "అది ఇంటికి కొన్నదండి."

"ఇంటికేలెండి" అన్నారు. "నేనూ ఇంటికే అడుగుతున్నాను."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. చెయ్యెత్తి వెళ్ళిరమ్మన్నారు.

రోజంతా ఆ మాటే. తాతయ్య స్వార్థం లేని మనిషి. నాది స్వార్థమా? ఇల్లు అందరికీ కావాలి. పదకొండేళ్ళు దోహా ఎండలో మా ఆయన పడ్డ కష్టం. నా ఒక్కదానిదా అది, ఇచ్చెయ్యడానికి?

ఎవరో ఒకరు ఇవ్వాలని రాశాను మొన్న. ఆ పేజీ మళ్ళీ చదవలేదు.


జూలై 27, ఆదివారం

పాపని తీసి ఇంకోచోట పెడదామని ఆయనతో అన్నాను. ఇన్నాళ్ళకి అన్నాను.

అటు టీవీ ఆపేశారు.

"సెప్టెంబరులో లీవు పెడతాను. నేను వచ్చాక తీద్దాం. ఒకసారి నేను లేకుండానే అయిపోయింది. మళ్ళీ అలా వద్దు ప్రసన్నా" అన్నారు.

"సరే" అన్నాను.

"తీసి ఎక్కడ పెడతాం?"

ఇద్దరికీ ఒకటే చోటు గుర్తొచ్చి ఉంటుంది. ఇద్దరం ఆ మాట అనలేదు.

సెప్టెంబరు ఎంతలో వస్తుంది.


ఆగస్టు 13, బుధవారం

ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. రేపు లంక ఖాళీ చేయమన్నారు.

దొడ్డికేసి వెళ్ళబోయాను. మోకాలి లోతు నీళ్ళు, లాగేస్తున్నాయి. పోలిరాజుగారు చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు. "వద్దండి. మీకు దణ్ణం పెడతాను, వద్దండి" అన్నారు.


ఆగస్టు 15, శుక్రవారం

మా స్కూల్లోనే మాకు పునరావాస కేంద్రం. నేను పాఠం చెప్పే గదిలోనే నేను చాప వేసుకున్నాను. బ్లాక్‌బోర్డు మీద నా చేతిరాత ఇంకా చెరిగిపోలేదు.

పొద్దున్న జెండా ఎగరేశారు. లంక జనమంతా వరసల్లో నిలబడ్డాం, కట్టుబట్టలతో. పిల్లలకి చాక్లెట్లు పంచారు. ఇస్సాకు తాతయ్యకి రెండు రోజులుగా ఆయాసం. గోడకి ఆనించి కూర్చోబెట్టాం.

"నాకు లేదా?" అన్నారు. పంచుతున్నామె నవ్వి ఒకటి ఇచ్చింది. కాగితం ఒలవలేకపోతే మామ్మ ఒలిచి నోట్లో పెట్టింది.

మధ్యాహ్నం భోజనాల వేళకి పోయారు. వచ్చిన డాక్టరు గుండె అన్నాడు. చెంపలో చాక్లెట్ ఇంకా అలాగే ఉంది.


ఆగస్టు 16, శనివారం

అంతా ఒకేసారి రాయాలి, లేకపోతే రాయలేను.

తాతయ్యని ఐస్‌ పెట్టెలో స్కూలు వరండాలో ఉంచాం. లంక మొత్తం నీళ్ళలో ఉంది. పొద్దున్నే పాస్టరుగారూ నేనూ చింతలగరువు చర్చి పెద్దల దగ్గరికి వెళ్ళాం. వాళ్ళ దొడ్డిలో చోటిమ్మని బతిమాలాం.

"ఒకరి మీద ఒకర్ని పెడుతున్నామమ్మా. మా నాన్న మీద మా అమ్మని పెట్టాం. ఎక్కడివ్వమంటారు?" అన్నారు. చూపించారు కూడా. నిజమే. అడుగు పెట్టడానికి చోటు లేదు.

పోలిరాజుగారు మెల్లిగా, "మా శ్మశానంలో దహనం చేద్దామండి. నేను మాట్లాడతాను, ఎవరూ అడ్డుచెప్పరు" అన్నారు. పెద్ద మనసుతోనే అన్నారు.

సత్తెమ్మ మామ్మ ఆయన చేతులు పట్టుకుంది. "బాబూ, ఆయన్ని నిప్పులో పెట్టకండి. బతికినన్నాళ్ళూ ఆయనకి భయం ఒక్కటే, నిప్పు. చిన్నప్పుడు గుడిసె కాలిపోయి తమ్ముడు పోయేడు కళ్ళ ముందే. నీళ్ళలోనైనా వదిలెయ్యండి గానీ, నిప్పు వద్దు."

నీళ్ళలోనైనా అన్న మాటకి అక్కడున్న ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఏడ్చారు.

అప్పుడు నోటినుంచి వచ్చేసింది. "మా స్థలంలో పెట్టండి" అన్నాను.

ట్రాక్టర్లో తీసుకెళ్ళాం. స్థలం దగ్గర వాన వెలిసింది. రేచల్ వదిన తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. రాజోలు కాలేజీలో లెక్చరర్‌గా చేస్తుంది. ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు.

"ఏంటిది ప్రసన్నా?"

చెప్పాను.

"వీల్లేదు" అంది. "కిటికీ తీస్తే నాకు కనిపించేది ఇదేనా ఇక? ఈవేళ ఒకటి. రేపు లంకంతా ఇక్కడికే వస్తుంది. నువ్వు వద్దనగలవా?"

"అనలేను వదినా."

"మా నాన్న పరాయి పొలాల్లో కూలి చేసి మమ్మల్ని చదివించాడు. ఎందుకు? ఆ లంక నుంచి బయటపడాలని. ఆ బురద, ఆ వరద, ఆ చావులు. బయటపడ్డాం. ఇన్నాళ్ళకి ఒక గట్టి నేల మీద నిలబడ్డాం. నువ్వు వాటిని మోసుకొచ్చి గుమ్మంలో పెడుతున్నావు." గుమ్మం దిగి వచ్చింది. "నా తమ్ముడి కష్టం అది. వాణ్ణి అడిగావా?"

అడగలేదు. అందరి ముందూ ఫోన్ చేశాను. స్పీకర్లో పెట్టాను. చెప్పిందంతా ఆయన విన్నారు. ఆ వెనక ఏవో యంత్రాల చప్పుడు.

"పాపని ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు" అన్నారు, "పడవలో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఆయనే కదా?"

"ఆయనే" అన్నాను. నన్ను ముట్టుకోనివ్వలేదు ఆ రోజు. పడవ ఊగుతుంది, నువ్వు పట్టుకోలేవమ్మా అని తనే పొదువుకున్నారు.

"నేనప్పుడు ఎయిర్‌పోర్టులో కూర్చున్నాను" అన్నారు. "లోతుగా తవ్వమను. అక్కడ పైన ఇసుక, కూలిపోతుంది."

"తమ్ముడూ!" అంది వదిన.

"అక్కా, ఇల్లు ఇంకోచోట కట్టుకుంటాంలే."

వదిన లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. కిటికీలు కూడా ఒక్కొక్కటీ మూసిన చప్పుడు విన్నాం.

వీఆర్వోగారు గొడుగేసుకుని వచ్చారు. అనుమతి లేకుండా కుదరదన్నారు. ఎవరెవరికో ఫోన్లు చేశారు. చివరికి, "వరదలో ఉన్నారు కదా, ఈ ఒక్కటీ కానివ్వమన్నారు. మిగతాది తర్వాత చూద్దామన్నారు" అని గొడుగు మూసి, చెప్పులు విప్పి, ఆయన కూడా పిడికెడు మట్టి వేశారు.

ఇంటి ప్లానులో వరండా వచ్చే చోటు అది.


ఆగస్టు 17

లంక మీద ఇంకా నీళ్ళు. చప్పుడు వినిపించలేదు. వినిపించకపోవడమే భయంగా ఉంది.


ఆగస్టు 22, శుక్రవారం

చూశాను.


ఆగస్టు 24, ఆదివారం

వేపచెట్టు లేదు. దొడ్డి లేదు. పోలిరాజుగారి తోటలో మేం మూట పాతిన చోటు కూడా లేదు. తెల్లగా ఇసుక మేట, దాని అవతల నీళ్ళు. అంత ప్రశాంతంగా ఉంటుందనుకోలేదు.

ఆయన ఫోన్ చేశారు. "పాపది ఎలా ఉంది?"

"ఉందండి" అన్నాను. "కొంచెం సున్నం పోయింది. అంతే."

టికెట్ బుక్ చేసుకున్నారట.


సెప్టెంబరు 4

ఇవాళ కూడా చెప్పలేదు. కొత్త పెట్టె ఒకటి చేయించమన్నారు, చిన్నది, టేకుది. చేయిస్తానన్నాను.

చెప్పకుండా ఉంటే అక్కడ ఉన్నట్టే ఉంటోంది. ఆయన అడిగినప్పుడల్లా ఉందని చెబుతూ చెబుతూ, నిన్న రేవుకి వెళుతూ అటు తిరిగి చూశాను, వేపచెట్టు కోసం.


సెప్టెంబరు 13, శనివారం

ఆయన వచ్చారు. రావులపాలెంలో బస్సు దిగినప్పటి నుంచి పెట్టె గురించే అడిగారు. పడవెక్కాం. నది మధ్యకి వచ్చాక చెప్పాను.

"ఏమండీ, పాప లేదు."

ఆయన నాకేసి చూశారు. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పాప లేక నాలుగేళ్ళయింది మరి. ఆ తర్వాత అర్థమైంది.

అరుస్తారనుకున్నాను. అబద్ధం ఆడావంటారని అనుకున్నాను. "ఎప్పుడు?" అని అడిగారంతే.

"వరదలో."

పడవవాడితో, దొడ్డి ఎక్కడుండేదో అక్కడికి పోనిమ్మన్నారు. అక్కడ ఇంజన్ ఆపమన్నారు. వంగి నీళ్ళలో చెయ్యి పెట్టారు. మోచేతి దాకా పెట్టి, చాలాసేపు అలాగే ఉంచారు. పడవ దానంతట అది కిందకి కొట్టుకుపోతోంది. పడవలో కూరగాయల తట్టతో ఒకామె ఉంది, ఆమె కూడా తొందరపెట్టలేదు.

"నేను రాకముందే మళ్ళీ అయిపోయింది" అన్నారు.

ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నారు. చల్లగా ఉంది.


అక్టోబరు 8, బుధవారం

ఆయన వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఇద్దరం అమలాపురం వెళ్ళి, స్థలం సమాధులకి రాసిస్తామని చెప్పాం. అధికారి గుర్తుపట్టింది. డబ్బు సంగతి ఎత్తింది గానీ ఆయన ఒప్పుకోలేదు. సర్వే చేయించి అనుమతి ఇప్పిస్తానంది. రాళ్ళ కట్టు సంగతి అడిగాం. నిధులు వచ్చే ఏడన్నారట. వచ్చే ఏడుకి కట్టు కట్టడానికి లంక ఎంత మిగులుతుందో ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

లేచేటప్పుడు, "మీ అత్తగారి సమాధి..." అంది.

"మా అమ్మాయిది కూడా అండి" అన్నాను. "సుప్రియ. ఒకటో తరగతి."

ఆవిడ పెన్ను కింద పెట్టేసింది.


నవంబరు 2, ఆదివారం

సమాధుల పండగ. ఏటా ఈ రోజున లంక తోకంతా కొవ్వొత్తులే. ఈసారి ఎక్కడ వెలిగించాలో తెలీక జనం పొద్దున్నంతా ఊరికే తిరిగారు. కొందరు రేవుదాకా వెళ్ళి వెనక్కి వచ్చేశారు. సాయంత్రం ఒక్కొక్కరూ పడవలెక్కి చింతలగరువు వచ్చారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు.

స్థలంలో ఉన్నది ఒకటే సమాధి, ఇస్సాకు తాతయ్యది. సత్తెమ్మ మామ్మ పొద్దున్నే వచ్చి బంతిపూలు పరిచి, పక్కన పీట వేసుకుని కూర్చుంది. వచ్చినవాళ్ళు కొవ్వొత్తి పట్టుకుని నిలబడిపోయారు. పరాయి సమాధి మీద ఎలా పెడతారు?

మామ్మే పూలు పక్కకి జరపడం మొదలుపెట్టింది. "పెట్టండమ్మా. మీ అమ్మది ఇక్కడ పెట్టు. బాబూ, నీ కొడుకుది ఇటు."

తలవైపు నిండిపోయింది, కాళ్ళవైపు నిండిపోయింది. పోలిరాజుగారు కూడా ఒకటి వెలిగించారు. ఎవరికని అడగలేదు. నేను ఛాతీ దగ్గర పెట్టాను. తాతయ్య పాపని పొదువుకున్న చోట.

దోహా నుంచి వీడియో కాల్. ఫోన్ అటు తిప్పి చూపించాను.

"మనదేది?" అని అడిగారు.

వెతికాను. నిజంగానే కనిపెట్టలేకపోయాను. "తెలీదండి" అన్నాను. ఇద్దరం చూస్తూ ఉన్నాం.

అప్పుడు వెనకనుంచి కిటికీ తెరిచిన చప్పుడైంది. కాసేపటికి రేచల్ వదిన వచ్చి స్థలం అంచున నిలబడింది. చేతిలో కొవ్వొత్తి, అగ్గిపెట్టె. రెండు నెలల పైన నాతో మాట మానేసిన మనిషి. మా అత్తగారు ఆవిడకి అమ్మ. ఆ సంగతి ఇన్నాళ్ళూ నాకు తట్టలేదు, దొడ్డి కొట్టుకుపోయినప్పుడు వదినకీ ఒకరు పోయారని.

లోపలికి రాలేదు. వెనక్కీ వెళ్ళలేదు.

మామ్మ తల తిప్పి చూసింది. పీట కొంచెం వెనక్కి లాక్కుని, చేత్తో నాలుగు పూలు పక్కకి తోసింది.

"రండమ్మా" అంది. "మా ఆయన మీద అందరికీ చోటుంది."

వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. అగ్గిపుల్ల గీసింది. గాలికి ఆరిపోయింది. ఇంకోటి గీస్తుంటే నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను.